స్కాలప్‌లో కండ కాక మిగిలిందంతా: పచ్చి వడ్డన మీద ఒక కేస్ స్టడీ

కేసులో ఉన్నవి పన్నెండు బతికున్న స్కాలప్‌లు, అంటే విసనకర్ర ఆకారపు రెండు చిప్పల మధ్య బతికే సముద్రజీవులు. చిప్పతో కలిపి ఒక్కోటి సుమారు 200 గ్రాములు, చిప్ప వెడల్పు 11–12 సెంటీమీటర్లు. తినేవాళ్లు ఎనిమిది మంది. షరతులు రెండు: ఏదీ పొయ్యి ఎక్కకూడదు, మామూలుగా చెత్తబుట్టలోకి పోయే భాగాల్లో తినదగ్గవి ఏవో తేల్చి వాటినీ పళ్లెంలో పెట్టాలి.

ఫలితం ముందే చెప్పేస్తే, ఏడు భాగాల్లో నాలుగు పళ్లెం దాకా వచ్చాయి: తెల్ల కండ, దాన్ని అంటిపెట్టుకుని ఉండే చిన్న పక్క కండ, చిప్ప అంచు చుట్టూ తిరిగే కుచ్చులాంటి పొర, జన (ఆడదానిలో గుడ్లు, మగదానిలో వీర్యం తయారయ్యే భాగం). మొప్పలు, నల్లతిత్తి, కిడ్నీలు బుట్టలోకి పోయాయి. మొప్పలతో వచ్చింది ముఖ్యంగా రుచి సమస్య. మిగతా రెండింటికీ రుచితో పనే లేదు. నల్లతిత్తి అంటే జంతువు జీర్ణగ్రంథి. ముదురు గోధుమ రంగులోనో పచ్చటి నలుపులోనో ఉంటుంది. అది కమ్మగా ఉంటుందనేవాళ్లున్నారు. ఉండొచ్చు. విషం ఉన్నా లేకున్నా దాని రుచి అంతే కాబట్టి ఆ మాట ఇక్కడ పనికిరాదు.

కత్తి కన్నా ముందు కాగితం

స్కాలప్ మొప్పల మీదుగా నీళ్లు పారించుకుని, అందులోని కంటికి కనపడని నాచు కణాల్ని ఏరుకుని తింటుంది. ఆ నాచుల్లో కొన్ని జాతులు విషం తయారుచేస్తాయి. స్కాలప్‌కి దానివల్ల పెద్దగా ఏమీ కాదు, ఒంట్లో దాచుకుంటుంది. అన్నిచోట్లా ఒకేలా దాచుకోదు. అన్నిటికన్నా ఎక్కువ నల్లతిత్తిలో, కొంత కుచ్చులో, జనలో, చాలా తక్కువ తెల్ల కండలో. పచ్చి భాగాల వ్యవహారం మొత్తం ఈ తేడా మీదే నిలబడి ఉంది.

ఈ విషాల్లో రెండిటి పేర్లు తప్పనిసరిగా తెలిసుండాలి. శాక్సిటాక్సిన్, దాని బంధువులు కండరాల్ని చచ్చుపడేలా చేస్తాయి. పెదాల చుట్టూ తిమ్మిరి అరగంట నుంచి రెండు గంటల్లోపే మొదలవుతుంది, ఎక్కువైతే ఊపిరి ఆడదు. రెండోది డొమోయిక్ ఆమ్లం. 1987లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ నుంచి వచ్చిన మస్సెల్స్ (ఇవీ రెండు చిప్పల జీవులే) తిని వందమందికి పైగా జబ్బుపడ్డప్పుడు ఇది బయటపడింది. కొందరు చనిపోయారు, కొందరికి జ్ఞాపకశక్తి తిరిగి రాలేదు. చాలా దేశాలు పాటించే హద్దులు ఇవి: శాక్సిటాక్సిన్ వర్గం 100 గ్రాముల మాంసంలో 80 మైక్రోగ్రాములు, డొమోయిక్ ఆమ్లం కిలోకి 20 మిల్లీగ్రాములు. రెండూ వేడికి లొంగవు. అంటే ఈ ఒక్క విషయంలో పచ్చిదైనా ఉడికిందైనా తేడా లేదు. తేడా అంతా ఏ భాగం తింటున్నామన్నదే.

ఇప్పుడు అసలు చిక్కు. తెల్ల కండ వరకే అమ్మే సరుకుకి నిబంధనలు సడలిస్తారు, ఎందుకంటే కండలో విషం చేరదని ధీమా. యూరోపియన్ యూనియన్ 2002లో ఇచ్చిన నిబంధన దీన్ని అంకెల్లోనే పెట్టింది: మొత్తం జంతువులో డొమోయిక్ ఆమ్లం కిలోకి 20 మిల్లీగ్రాములు దాటినా 250 లోపు ఉంటే, జీర్ణగ్రంథినీ విషం చేరిన ఇతర మెత్తటి భాగాల్నీ తీసేసే షరతు మీద ఆ స్కాలప్‌ని పట్టొచ్చు. పట్టిన స్కాలప్ సక్రమమైనదే, కండ తినొచ్చు. అదే స్కాలప్ కుచ్చుని ఎవరైనా ఉత్సాహంగా తింటే, ఆ అనుమతి దానికి వర్తించదు; జనకైతే విడిగా పరీక్ష జరిగి ఉండాలి.

ఈ కేసులో ముందుగా చూసిన సరుకు అందుకే వద్దనుకోవాల్సి వచ్చింది. చూడ్డానికి నిక్షేపంగా ఉంది. కాగితంలో మాత్రం 'కండ వినియోగానికి' అని రాసి ఉంది. తర్వాత తీసుకున్న సరుకు పెట్టెకు పట్టిన నీటి ప్రాంతం, పట్టిన తేదీ, మొత్తం జంతువు మీద జీవవిష పరీక్ష జరిగిందన్న వివరం ఉన్నాయి. సరఫరాదారుని అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే: 'తాజాదేనా' అని కాదు, 'పరీక్ష దేనిమీద చేశారు, కండ మీదా, మొత్తం మీదా?' దీనికి జవాబు రాకపోతే కండ మాత్రమే తినాలి.

కాగితం లేని లోటును వంటింటి కిటుకులు తీర్చవు. డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 20 డిగ్రీల దగ్గర ఏడు రోజులు పెడితే పరాన్నజీవి పురుగులు చస్తాయి; విషం చెక్కుచెదరదు, వైరస్ బతికే ఉంటుంది, బ్యాక్టీరియా తగ్గుతుంది గానీ పోదు. నిమ్మరసం పిండితే పైపొర తెల్లబడుతుంది, ఉడికినట్టు కనిపిస్తుంది. అది ప్రొటీన్ ఆకారం మారడం, అంతే. పక్కన మద్యం, పైన కారం అనేవి ధైర్యం ఇస్తాయేమో, ఇంకేమీ ఇవ్వవు.

శుభ్రమైన సముద్రపు నీటిలో ఒకటి రెండు రోజులు ఉంచి కడుపు ఖాళీ చేయించే పద్ధతి మీద కూడా అతి నమ్మకం ఉంది. ఇసుక పోతుంది, మల బ్యాక్టీరియా చాలావరకు పోతుంది. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ అలా పోదు. ఆల్చిప్పల మీద జరిగిన పరిశోధనల్లో అది జీర్ణకోశపు కణజాలాన్ని పట్టుకుని వేలాడుతుందని తేలింది. పేగుకు దగ్గరగా ఉండే ప్రతి భాగాన్నీ అనుమానంగా చూడ్డానికి ఇది రెండో కారణం.

దింపుకోవడం, ఉంచడం

పద్నాలుగు వచ్చాయి, రెండు వెనక్కి పోయాయి. స్కాలప్ ఆల్చిప్పలా బిగదీసుకుని ఉండదు; నీళ్ల బయట కాస్త నోరు తెరిచే ఉంటుంది. అందువల్ల తెరిచి ఉండటమే చావుకు గుర్తు కాదు. అంచు పొరను కత్తి మొనతో తాకినప్పుడు లోపలికి ముడుచుకోవాలి, చిప్ప మూసే ప్రయత్నం కనిపించాలి. వెనక్కి పోయిన రెండిటిలో ఒకటి కదల్లేదు. రెండోది కదిలింది గానీ కుచ్చు ఎండి చిప్పకి అంటుకుపోయింది. కండ కోసమే అయితే రెండోదాన్ని ఉంచుకోవచ్చు. కుచ్చు తినాలంటే పనికిరాదు.

నిల్వ 2–4 డిగ్రీల సెల్సియస్ దగ్గర. గుంటగా ఉన్న చిప్ప కిందికి ఉండాలి, అప్పుడు లోపలి నీళ్లు ఒలికిపోవు. పైన ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డ. ఐసు కరిగిన నీళ్లలో నానితే మంచినీళ్లకి స్కాలప్ చచ్చిపోతుంది, కాబట్టి ఐసుకీ చిప్పకీ మధ్య చిల్లుల పళ్లెం. పట్టిన మర్నాడు దింపుకుని, అదే సాయంత్రం విప్పారు. ఇంకో రోజు ఆగి ఉంటే కండకి నష్టం లేదు, జనకి ఉంది.

ఉష్ణోగ్రత మీద ఇంత పట్టుదలకి కారణం విబ్రియో. వెచ్చటి ఉప్పునీళ్లలో సహజంగా ఉండే బ్యాక్టీరియా ఇది. మురికి లేని నీళ్లలోనూ ఉంటుంది. విబ్రియో పారాహీమోలిటికస్ అనుకూలమైన వేడిలో పది నిమిషాలకోసారి రెట్టింపు కాగలదు. 10 డిగ్రీల కింద దాని పెరుగుదల బాగా మందగిస్తుంది. దీనికో బలహీనత ఉంది: ఉప్పు లేకపోతే బతకలేదు. మంచినీళ్లతో ఒక్క క్షణం కడగడం కొన్ని భాగాలకి మేలు, కొన్నిటికి చేటు ఎందుకో కింద వస్తుంది.

విప్పడం

సన్నటి, వంగే బ్లేడు కావాలి. ఆల్చిప్పల కత్తి మందం ఎక్కువ, కండ చీలుతుంది. చేతికి గ్లవ్ తప్పనిసరి. చిప్ప అంచు గీసుకున్న గాయంలోంచి కూడా విబ్రియో ఎక్కుతుంది.

గుంట చిప్ప అరచేతిలో, బల్లపరుపు చిప్ప పైన. బ్లేడుని పై చిప్ప లోపలి గోడకి ఆనించి జరిపితే కండ చిప్ప నుంచి ఊడుతుంది, మూత తెరుచుకుంటుంది. ఇక్కడ బ్లేడు మొన కీలు వైపుకి పోకూడదు. నల్లతిత్తి ఉండేది ఆ వైపే. చేప కోసేటప్పుడు చేదుతిత్తి పగిలితే ఏమవుతుందో తెలిసినవాళ్లకి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇక్కడ చేదుతో పాటు విషం కూడా పాకే వీలుంది. రెండో స్కాలప్‌లో అదే జరిగింది: బ్లేడు ఒక సెంటీమీటరు లోతు ఎక్కువ పోయి తిత్తి కోసుకుంది, గోధుమరంగు రసం జన మీదా కుచ్చు మీదా పడింది. ఆ రెండూ పారేశారు. కడిగి వాడుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఉడికించినా విషం పోదని పైన చెప్పుకున్నదే. పచ్చిగా తినే కుచ్చు ముడతల్లోకి పోయిన రసాన్ని కడిగి తీయడం అయ్యే పని కాదు. తెల్ల కండని తుడిచి, పై పొర పలచగా చెక్కేసి ఉంచారు.

మూత తీశాక కింది చిప్ప వైపు కూడా కండని విడదీసి, బొటనవేలు కండ చుట్టూ తిప్పితే కుచ్చు, మొప్పలు, జన, తిత్తి అన్నీ కలిసి ఒకే ముద్దగా ఊడివస్తాయి. ఆ ముద్దని ఐసు మీద పెట్టిన స్టీలు పళ్లెంలోకి తీసుకుని అక్కడ విడదీయాలి. వరస ఇది: ముందు తిత్తి, దాని పక్కనే కండ వైపు ఉండే రెండు చిన్న గోధుమరంగు కిడ్నీలు; తర్వాత మొప్పలు; చివరికి జన, కుచ్చు వేరు. తిత్తి ఉన్నంతసేపూ మిగతావాటిని కోయకూడదు. తిత్తి తీసిన కత్తెరని కడిగి తుడవకుండా జన మీద పెట్టకూడదు. కిడ్నీల్ని చాలామంది గుర్తుపట్టరు, జన మొదలుకి అంటిపెట్టుకుని ఉన్నవాటిని అందులో భాగమే అనుకుంటారు. స్కాలప్ కిడ్నీల్లో, తిత్తిలో కాడ్మియం లాంటి బరువు లోహాలు పోగవుతాయి.

భాగం తర్వాత భాగం

తెల్ల కండ గురించి ఎక్కువ అవసరం లేదు. పోగులు చిప్ప నుంచి చిప్పకి నిలువుగా ఉంటాయి. అడ్డంగా బిళ్లలు కోస్తే మెత్తగా, నిలువుగా కోస్తే పంటికి గట్టిగా తగులుతుంది. తీపికి ముఖ్య కారణం గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం. మంచినీళ్లలో నానిస్తే నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, తీపి కారిపోతుంది. 3 శాతం ఉప్పునీళ్లలో, అంటే లీటరుకి 30 గ్రాముల ఉప్పు, ఐసులా చల్లగా ఉన్నదాంట్లో ఒక్కసారి ముంచి తీసి పొడిగుడ్డతో అద్దితే చాలు.

పక్క కండ నెలవంక ఆకారంలో, కండ కన్నా కాస్త ముత్యపు తెలుపులో ఉంటుంది. పెద్ద కండ చిప్పని టపటపా కొట్టుకుంటూ ఈదడానికి, ఈ చిన్నది మూసిన చిప్పని శ్రమ లేకుండా గంటల తరబడి బిగించి పట్టడానికి. ఉడికిస్తే రబ్బరు, అందుకే తీసి పారేస్తారు. పచ్చిగా 1–2 మిల్లీమీటర్ల మందాన కోస్తే చక్కగా కరకరమంటుంది. పన్నెండిటికీ కలిపి గుప్పెడు కూడా రాదు. కుచ్చుతో కలిపి వడ్డించారు.

కుచ్చు దగ్గర మాత్రం ఆగాలి. అంతా కలిపి చూస్తే పళ్లెంలో బాగా కుదిరింది ఇదే, తయారీలో అన్నిటికన్నా ఎక్కువ చెడిందీ ఇదే. ఇది చీర కుచ్చులా మడతలు పడి, అంచున సన్నటి నూలుపోగుల్లాంటి స్పర్శకాలతో, వాటి మధ్య ఆవగింజకన్నా చిన్న నీలిపూసల్లాంటి కళ్లతో ఉంటుంది. కొన్ని జాతుల్లో ఈ కళ్లు రెండు వందల దాకా ఉంటాయి. ఒక్కోదాంట్లో వెనకవైపు గ్వానిన్ స్ఫటికాలతో చేసిన చిన్న అద్దం ఉండి, ఆ అద్దమే కాంతిని కేంద్రీకరిస్తుంది. నమలడానికి కళ్లు అడ్డు రావు. అడ్డొచ్చేవి మడతల్లోని ఇసుక, పైన బంక, నల్లటి పలచని పొర.

మొదటి నాలుగు కుచ్చుల మీద ఉప్పు కొలవకుండా రెండు గుప్పెళ్లు చల్లి, పావుగంట వదిలేశారు. ఉప్పు నీళ్లని లాగేసింది. కుచ్చు సగానికి ముడుచుకుని తోలులా తయారైంది, ఎంత కడిగినా లోపలి ఉప్పదనం పోలేదు. పైగా బంక కరిగి పోకుండా గట్టిపడి మడతల్లోనే ఇరుక్కుంది. నాలుగూ పోయాయి. తిత్తి రసం పడిన ఒకటి అంతకుముందే పోయింది కాబట్టి మిగిలినవి ఏడు.

వాటికి చేసినది ఇదీ. మొప్పలు పూర్తిగా తీసేశాక ఏడూ కలిపి 100 గ్రాముల పైచిలుకు. 100 గ్రాములకి 8 గ్రాముల లెక్కన రాతి ఉప్పు. ఉప్పు పడగానే ఆగకుండా చేత్తో పిసకాలి, చొక్కా కాలరు ఉతికినట్టు, సుమారు రెండు నిమిషాలు. బూడిదరంగు నురుగు వస్తుంది. నురుగు చిక్కబడి తెల్లబడటం మొదలయ్యాక ఆపాలి. వెంటనే చల్లటి 3 శాతం ఉప్పునీళ్లలో రెండుసార్లు జాడించి, కుచ్చుని రెండు వేళ్ల మధ్య పెట్టి ఒక చివర నుంచి ఇంకో చివరకి లాగాలి. ఇసుక వేలికి తగులుతుంది. నల్లపొర మిగిలితే కత్తి వెనకవైపుతో గీకాలి. చివర్లో చల్లటి మంచినీళ్ల ధార కింద పది సెకన్లు. విబ్రియోకి మంచినీళ్లు పడవని పైన చెప్పింది ఇక్కడ పనికొస్తుంది: కుచ్చు కండలా నీళ్లు పీల్చదు, కాబట్టి ఆ పది సెకన్లు భరిస్తుంది. తర్వాత గుడ్డలో చుట్టి గట్టిగా అద్ది, 3 సెంటీమీటర్ల ముక్కలు.

ఈ పని తర్వాత నీచు వాసన పోయి శుభ్రమైన ఉప్పు వాసన మిగలాలి. నీచు మిగిలితే పిసకడం చాల్లేదని అర్థం. అమోనియా వాసన వస్తే ఎంత పిసికినా లాభం లేదు, అది చచ్చి చాలాసేపైన సరుకు. రుచిలో కుచ్చు కండ అంత తియ్యగా ఉండదు, కానీ సముద్రపు రుచి ఎక్కువ, నమిలేకొద్దీ వస్తుంది. ఒక్కొక్కరికి పది, పన్నెండు గ్రాములు సరిపోయాయి. అంతకు మించితే దవడ అలిసిపోతుంది.

జనలో తెలుసుకోవాల్సింది ఎక్కువ. ఈ కేసులోని జాతిలో ఆడ, మగ వేరువేరు: ఆడదాని జన నారింజ ఎరుపు, మగదానిది మీగడ తెలుపు. ఒకే జంతువులో రెండూ ఉండే జాతులు కూడా ఉన్నాయి. వాటిలో నాలుక ఆకారపు జన కొస నారింజ రంగులో, మొదలు తెల్లగా ఉంటుంది. తెల్లగా ఉంది కదా అని చెడిపోయిందనుకుని పారేసేవాళ్లు, నారింజగా ఉంది కదా అని బాగుందనుకునేవాళ్లు ఇద్దరూ పొరబడతారు. చూడాల్సింది రంగు కాదు, బొద్దుతనం. గుడ్లు విడిచేసిన స్కాలప్ జన నీరుకారిపోయి, పలచబడి, అవతలి వేలు కనిపించేలా ఉంటుంది. రుచి ఉండదు, చేదు మిగులుతుంది. పన్నెండిటిలో రెండు అలా ఉండి పోయాయి.

రెండో విషయం ఎక్కువమందికి తెలియనిది: స్కాలప్ పేగు తిత్తిలోంచి బయల్దేరి జనలోకి దిగి, ఒక మెలిక తిరిగి, మళ్లీ పైకి పోతుంది. జన తింటే ఆ పేగు ముక్క కూడా తిన్నట్టే. వేయించే జనలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. పచ్చి జనలో పట్టించుకోవాలి, ఎందుకంటే వైరసైనా విషమైనా పేగు దారినే వస్తుంది. దీపం ముందు పట్టుకుంటే జన లోపల ముదురు గీత కనిపిస్తుంది. జనని తిత్తి నుంచి కోసేటప్పుడు తిత్తి వైపు 4–5 మిల్లీమీటర్లు జననే వదిలేసి కోయాలి. ఆ కాస్త పొదుపు చేస్తే తిత్తి అంచు కూడా వస్తుంది. గీత సన్నగా, ఖాళీగా ఉంటే ఉంచొచ్చు. గీత లావుగా, నల్లగా, నిండుగా ఉన్న ఒక జనని చీల్చి పేగు లాగే ప్రయత్నం చేశారు. పొర చిరిగి జన ముద్దయింది, పేగులోది అందులో కలిసింది. పేగు నిండుగా ఉన్న జనని పచ్చి వడ్డనకి వాడకుండా వదిలేయడమే తేలిక. తిత్తి రసం పడింది ఒకటి, నీరుకారినవి రెండు, చిరిగింది ఒకటి పోగా సరిగ్గా ఎనిమిది మిగిలాయి.

జన పొర పలచన. కుళాయి కింద పెడితే ధారకే చిరుగుతుంది, మంచినీళ్లకి ఉబ్బుతుంది. ఉప్పునీళ్లలో ఐదు సెకన్లు ముంచి తీసి, ఐసు మీది స్టీలు పళ్లెంలో పది నిమిషాలు ఉంచితే కాస్త బిగుస్తుంది. తడి కత్తితో 5 మిల్లీమీటర్ల ముక్కలు. మగ జన పాలమీగడలా నాలుక మీద పరుచుకుని తేలిగ్గా పోతుంది. ఆడ జనలో అయోడిన్ ఘాటు, చివర్లో సన్నటి చేదు. ఎనిమిది మందిలో ఎక్కువమంది తెల్లదాన్నే మెచ్చారు. నారింజ రంగు పళ్లెంలో అందంగా ఉంటుంది, కాస్త వెచ్చబడితే మాత్రం ముద్దలా అంటుకుంటుంది. పచ్చిగా ఆడ జన చాలామంది చెప్పుకునేంత గొప్ప రుచి కాదు. వెన్నలో అర నిమిషం పడితే దాని అసలు రుచి వస్తుంది.

మొప్పలు: శుభ్రం చేసి ఒక్క ముక్క నోట్లో పెట్టి చూసి ఉమ్మేశారు. తడి దూదిలా, బురద వాసనతో. నీళ్లు వడగట్టే జల్లెడ అది. జల్లెడ తినాలన్న కోరిక వింతే.

గడియారం

మొదటి చిప్ప విప్పడం నుంచి చివరి పళ్లెం వడ్డించేదాకా 50 నిమిషాలు. ఏ భాగమూ ఐసు మీంచి దిగి 20 నిమిషాలు దాటి ఉండకూడదన్నది నియమం. పళ్లాల్ని ముందే ఫ్రిజ్‌లో చల్లబరచడం వల్ల జన చివరిదాకా నిలబడింది. నిమ్మరసం, ఉప్పు పక్కన విడిగా ఇచ్చారు. ముందే పిండితే కుచ్చు ఐదు నిమిషాల్లో బిగుసుకుపోతుంది.

పళ్లెంలో చేరనివి

స్కాలప్‌తో పాటు ఇంకొన్ని గుల్లజీవుల విచిత్ర భాగాలు పెట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. ఒక్కోదానికి ఒక్కో కారణంతో కొట్టేశారు.

వెల్క్ అనే పెద్ద సముద్రపు నత్త పాదం పచ్చిగా బాగుంటుంది. కానీ వెల్క్‌లలో నెప్టూనియా జాతుల లాలాజల గ్రంథుల్లో టెట్రామిన్ అనే విషం ఉంటుంది: తిన్న అరగంటలో తల తిరగడం, చూపు రెండుగా కనిపించడం, తాగినట్టు తూలడం. వేడికి పోదు. మాంసాన్ని నిలువునా చీల్చితే లేత పసుపు రంగు కొవ్వు ముద్దల్లా రెండు కనిపిస్తాయి, రెండూ పూర్తిగా రావాలి. జాతి గుర్తుపట్టే మనిషి, గ్రంథి గుర్తుపట్టే చెయ్యి రెండూ ఉంటేనే ఆ పని.

అబలోన్ అనే ఒంటి చిప్ప సముద్రపు నత్త లివర్ పచ్చిగా తినేవాళ్లున్నారు. వసంతకాలంలో అందులో పైరోఫియోఫార్బైడ్ పేరుకుంటుంది. అది నాచులోని పత్రహరితం విరిగి తయారయ్యే పదార్థం. తిని ఎండలోకి వెళ్తే ముఖం, చేతులు వాచి మంటపుడతాయి. ఆ కాలంలో లివర్ ముదురు పచ్చగా ఉంటుంది.

రొయ్య తలలోది జీర్ణగ్రంథే. రొయ్య చచ్చిన వెంటనే అందులోని ఎంజైములు తోక మాంసాన్ని కరిగించడం మొదలుపెడతాయి, అందుకే తల తీయడం ఆలస్యమైతే మాంసం పిండిలా అవుతుంది. పచ్చిగా తినడానికి మేలైనది తల కాదు, పాండలస్ జాతి చల్లనీటి రొయ్యల పొట్ట కింద కాళ్లకి అంటుకుని ఉండే నీలిపచ్చ గుడ్లు. అవి శరీరం బయట ఉంటాయి, పేగుతో సంబంధం లేదు. చెంచాతో గీకి, ఉప్పునీళ్లలో జాడిస్తే సిద్ధం. ఈసారి సరుకు దొరకలేదు గానీ, జాబితాలో అభ్యంతరం లేనిది అదొక్కటే.

పీత డొప్పలో ఉండే పసుపు, పచ్చ ముద్ద కూడా జీర్ణగ్రంథే; స్కాలప్ నల్లతిత్తికి చెప్పిందంతా దానికీ వర్తిస్తుంది. ఇక మంచినీటి పీతలు, మంచినీటి రొయ్యలు, నత్తలు పచ్చిగా అసలు ముట్టకూడదు. మంచినీటి పీతల్లో ఊపిరితిత్తుల్లోకి చేరే పారగోనిమస్ పురుగు పిల్లలుంటాయి, నత్తల్లో మెదడు పొరల్ని తాకే యాంజియోస్ట్రాంజిలస్ ఉంటుంది. మద్యంలోనో వెనిగర్‌లోనో నానబెట్టినంత మాత్రాన అవి చస్తాయన్న నమ్మకం లేదు.

ఎవరికి వడ్డించలేదు

తొమ్మిదో వ్యక్తి ఉండాల్సింది. లివర్ జబ్బు ఉందని చెప్పడంతో ఉడికించిన పళ్లెం ఇచ్చారు. లివర్ జబ్బు, ఒంట్లో ఇనుము పేరుకునే జబ్బు, మధుమేహం, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు ఉన్నవాళ్లకి విబ్రియో వల్నిఫికస్ ప్రాణాంతకం. రక్తంలోకి ఎక్కితే దాదాపు సగం మంది బతకరు. గర్భిణులు, పసిపిల్లలు, పెద్ద వయసువాళ్లు కూడా ఈ జాబితాలోనే. రొయ్యలు పడనివాళ్లకి స్కాలప్ కూడా పడకపోవచ్చు, రెండింట్లోనూ ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ ఉంది. అది వేడికి తట్టుకుంటుంది కాబట్టి ఉడికించినా అలర్జీ ముప్పు పోదు. 'ఉడికించింది పడింది, పచ్చిదీ పడుతుంది' అనే లెక్కని అలర్జీ విషయంలోనూ నమ్మలేం, క్రిములకి అసలే పనికిరాదు.

తర్వాత

ఎనిమిది మందినీ రెండో రోజు, నాలుగో రోజు అడిగారు. నోరోవైరస్ బయటపడేది 12–48 గంటల్లో, విబ్రియో ఎక్కువగా ఒక రోజులో, ఆలస్యమైతే నాలుగు రోజుల్లో. ఎవరికీ ఏమీ లేదు. ఒక్క పెట్టె స్కాలప్‌లతో ఎనిమిది మందికి ఏమీ కాకపోవడం ఆ పెట్టె గురించి చెబుతుందే తప్ప తయారీ విధానం గురించి పెద్దగా ఏమీ చెప్పదు.

పెట్టె మీది చీటీని మాత్రం వడ్డించిన తేదీ రాసి ఫైల్లో పెట్టారు, 90 రోజులకి. అమెరికాలో గుల్లల చీటీలకి ఉన్న నియమం అదే. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఏ వైరస్ లోపలికి పోయాక 15 నుంచి 50 రోజుల దాకా బయటపడదు. 1988లో షాంఘైలో సరిగా ఉడకని క్లామ్‌ల (ఇంకో రకం రెండు చిప్పల జీవుల) వల్ల సుమారు మూడు లక్షల మందికి కామెర్లు వచ్చింది దానితోనే. ఏడో వారంలో ఎవరికైనా కళ్లు పచ్చబడితే, ఏ నీళ్లలో ఏ రోజు పట్టిన సరుకో చెప్పగలిగేది ఆ చీటీ ఒక్కటే.